రబ్బరు పురుగు సంగతి తర్వాత, ముందు ముల్లూ గుండూ చూడండి

యూట్యూబ్‌లో అమెరికా వాళ్లు బాస్ అనే చేపని గేలంతో పట్టే వీడియోలు నాలుగు చూసేసి, ఆన్‌లైన్‌లో ఎరకి బదులు గేలానికి గుచ్చే రంగురంగుల రబ్బరు పురుగుల ప్యాకెట్లు తెప్పించుకుని, అవి సంచిలో వేసుకుని నాగావళి గట్టుకో మడ్డువలస రిజర్వాయర్ వైపో బయల్దేరే కుర్రాళ్లు మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇప్పుడు బాగానే కనబడుతున్నారు. మంచిదే. కానీ వాళ్లంతా అడిగే మొదటి ప్రశ్న ఒకటే, ఏ రంగు వెయ్యాలి, ఏ కంపెనీది కొనాలి అని. నా లెక్కలో ఈ ప్రశ్న తలకిందులుగా ఉంది. రబ్బరు ముక్క తనంతట తాను ఏమీ చెయ్యదు. అది ఎంత వేగంగా మునగాలి, తల కిందకి పెట్టి దిగాలా లేక అడ్డంగా ఊగుతూ దిగాలా, నాచులోంచి చిక్కుకోకుండా బయటికి రావాలా, చేప నోట్లో పెట్టుకున్నాక ముల్లు కొస బయటపడుతుందా లేదా, ఇవన్నీ తేల్చేది గేలం ముల్లు, దాన్ని ముంచే బరువు గుండు, వాటిని కట్టిన తీరు. ఆ కట్టిన తీరునే రిగ్ అంటారు. రిగ్ తేలాక పురుగు ఎంచుకోవడం పది నిమిషాల పని.

ముందు ఒక మాట. ఆ వీడియోల్లో కనిపించే లార్జ్‌మౌత్ బాస్ ఉత్తర అమెరికా మంచినీటి చేప, మన నదుల్లో, చెరువుల్లో అది లేదు. బయటి నుంచి తెచ్చి వదలాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే అక్కడే ఆపెయ్యండి, జపాన్ వాళ్లు 1925లో ఆషి సరస్సులో వదిలి ఇప్పటికీ తల పట్టుకుంటున్నారు. మరి బాస్ కోసం పుట్టిన సరుకు మనకెందుకు పనికొస్తుంది? వేటాడే పద్ధతి ఒకటే కాబట్టి. బాస్ వెంటపడి తరిమే రకం కాదు, ఏ దుంగ పక్కనో కలుపు అంచునో నక్కి ఉండి, ముందు నుంచి పోయేదాన్ని ఒక్కసారిగా నోరు తెరిచి నీళ్లతో సహా లోపలికి లాగేస్తుంది. వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం దగ్గర పండుగప్ప చేసేదీ అదే, ఊరి చెరువులో గుర్రపు డెక్క కింద కొర్రమీను చేసేదీ దాదాపు అదే. ఇది ఊహ కాదు. 2002లో అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో క్రాఫ్టన్ అనే చోట చెరువులో మన కొర్రమీనుకి దాయాది అయిన తూర్పు ఆసియా చేప బయటపడి పెద్ద గోల అయింది, తర్వాత అది పొటోమాక్ నదిలో స్థిరపడిపోయింది, ఇప్పుడు అక్కడి బాస్ వేటగాళ్లు దాన్ని తమ దగ్గరున్న ఆ రబ్బరు కప్పలతోనే, ఆ రబ్బరు పురుగులతోనే పడుతున్నారు. ఆస్ట్రేలియాలో పండుగప్పని బారాముండి అంటారు, అక్కడా మెత్తటి ప్లాస్టిక్ చేపపిల్లలదే పెద్ద పీట.

ఈ పురుగులు అసలు రబ్బరు కావు, పీవీసీ పొడిని మెత్తబరిచే నూనెలాంటి ద్రవంలో కలిపి వేడి చేసి అచ్చుల్లో పోసినవి. 1949లో ఒహాయో రాష్ట్రం ఏక్రన్‌లో నిక్ క్రీమ్ అనే ఆయన, ఆయన భార్య కలిసి ఇంట్లోనే ఇలా పురుగుల్ని పోశారు, తర్వాత ఆ వ్యాపారం టెక్సస్‌కి మారింది. మెత్తగా ఉండటం వల్ల లాభం ఏమిటంటే, చెక్కతోనో గట్టి ప్లాస్టిక్‌తోనో చేసిన చేపబొమ్మని చేప నోట్లో పెట్టుకోగానే తేడా తెలిసి ఉమ్మేస్తుంది, మెత్తటిది అయితే ఇంకాస్త సేపు ఉంచుకుంటుంది. ఆ కాస్త సేపే మనకి దొరికే టైము. కొన్నిటిలో ఉప్పు కలుపుతారు, రుచి కోసమని ప్యాకెట్ మీద రాస్తారు గానీ, ఉప్పు వల్ల కచ్చితంగా జరిగేది పురుగు బరువెక్కడం. గుండు లేకుండా విసిరినా దూరం వెళ్తుంది, మెల్లగా ఊగుతూ దిగుతుంది.

ఇక రిగ్గులు. ఇంటర్నెట్‌లో ఇరవై పేర్లు కనబడి టెన్షన్ పుడుతుంది, కానీ అన్నీ మూడు విషయాల చుట్టూనే తిరుగుతాయి. గుండు ఎక్కడ ఉంది, అది దారం మీద జారుతుందా బిగించి ఉందా, ముల్లు కొస బయట ఉందా లోపల దాగి ఉందా. ఈ మూడూ చూస్తే ఏ కొత్త రిగ్ అయినా దేనికి పనికొస్తుందో మీరే చెప్పేస్తారు. కొస బయట ఉంటే చేప త్వరగా తగులుకుంటుంది, కలుపు కూడా అంతే త్వరగా తగులుకుంటుంది. కొస దాగి ఉంటే దేంట్లోంచైనా బయటికి వస్తుంది, కానీ చేప కొట్టినప్పుడు గట్టిగా లాగాలి.

మా వైపు చెరువుల్లో, బందల్లో (చిన్న చెరువుల్లో), గెడ్డల్లో (వాగుల్లో) ముక్కాలు భాగం తామర, నాచు, తుంగ, గుర్రపు డెక్క. కాబట్టి ముందు నేర్చుకోవాల్సింది టెక్సస్ రిగ్, అంటే కొస దాచే పద్ధతి. దీనికి మామూలు ముల్లు పనికిరాదు, కన్ను (దారం కట్టే బెజ్జం) దగ్గర కాడ మెట్టులా మడిచి ఉండే ఆఫ్‌సెట్ ముల్లు కావాలి. ముందు దారానికి తూటా ఆకారం గుండు ఎక్కించి, మొన దారం వైపు ఉండేలా చూసి, తర్వాత ముల్లు కట్టండి. ముల్లు కొసని పురుగు తల నడిమధ్యలో గుచ్చి, అర సెంటీమీటరు లోపలికి పోనిచ్చి, పొట్ట వైపు నుంచి బయటికి తీయండి. ముల్లుని అలాగే లాగుతూ పోతే కన్ను దగ్గరి మడత తలలోకి వచ్చి ఆగుతుంది, అప్పుడు కొస పురుగు వైపు తిరిగేలా ముల్లుని తిప్పండి. ఇక్కడే తొందర పడకూడదు. పురుగుని నిలువుగా వేలాడదీసి, ముల్లు వంపు ఒంటి మీద ఎక్కడ ఆనుతుందో చూసి గోటితో గుర్తు పెట్టుకుని, సరిగ్గా అక్కడే పొట్టలోంచి గుచ్చి వీపు మీదకి తీయండి. గుర్తు కంటే వెనక్కి గుచ్చితే పురుగు మధ్యలో ముడుచుకుని ఉబ్బుతుంది, ముందుకి గుచ్చితే సాగి వంకర పోతుంది. ఆఖరున కొసని వీపు మీది పల్చటి పొరలో ఒక్క మిల్లీమీటరు దాచండి, అంతే.

పురుగు తిన్నగా ఉందా లేదా అన్నది అందం కోసం కాదు. వంకరగా ఉంటే నీళ్లలో లాగినప్పుడు గిరగిరా తిరుగుతుంది, దాంతో దారం మెలికలు పడుతుంది, నాలుగైదు సార్లు విసిరేసరికి రీల్ మీద చిక్కుముడి పడుతుంది, పైగా గిరగిరా తిరుగుతూ వెళ్లే పురుగుని ఏ చేపా నమ్మదు. కట్టగానే కాళ్ల దగ్గర నీళ్లలో ఒకసారి లాగి చూడండి. తిరుగుతుంటే విప్పి మళ్లీ గుచ్చండి, బద్ధకించొద్దు.

ముల్లు సైజు విషయంలో చాలామంది పురుగు పొడుగు చూస్తారు, చూడాల్సింది లావు. చేప కరిచినప్పుడు పురుగు ఒళ్లు నలిగి కిందకి జారి కొసకి దారి ఇవ్వాలి కదా, అంటే కాడకీ కొసకీ మధ్య ఖాళీ ఆ ఒంటి లావు కంటే బాగా ఎక్కువ ఉండాలి. సన్నటి పురుగుకి మామూలు ఆఫ్‌సెట్ సరిపోతుంది, లావుపాటి చేపపిల్ల ఆకారాలకీ కప్పలకీ వెడల్పు వంపు ఉండేది తీసుకోండి. 4 అంగుళాల దానికి 3/0 నంబరు ముల్లు, 5 అంగుళాల లావుపాటి దానికి 5/0 (గీత ముందు అంకె పెరిగితే ముల్లు పెద్దది) అన్నది మొదలుపెట్టడానికి పనికొచ్చే కొలత. ముళ్ల కంపెనీలన్నీ ఒకే కొలతలు పాటించవు కాబట్టి నంబరు కంటే మీ కన్ను చెప్పిందే నమ్మండి.

గుండు బరువు దగ్గరే అసలు ఆట ఉంది. ఒకే పురుగుని 3.5 గ్రాముల గుండుతో వేస్తే మెల్లగా వాలుతుంది, 10 గ్రాములతో వేస్తే రాయిలా పడుతుంది, చేప కళ్లకి అవి రెండు వేర్వేరు ప్రాణులు. అడుగు తగిలినట్టు చేతికి తెలిసేంత బరువు చాలు, అంతకంటే ఒక్క గ్రాము ఎక్కువ పెట్టినా దిగడం వేగంగా అయిపోతుంది, చేపలు ఎక్కువగా పురుగు దిగేటప్పుడే కొడతాయి. మోకాలి లోతు నుంచి నడుం లోతు బందల్లో 3.5 నుంచి 5 గ్రాములు, రిజర్వాయర్ గట్టు దిగువన 7 నుంచి 10. సముద్రం వైపు నుంచి మధ్యాహ్నం గాలి లేచాక దారం విల్లులా వంగి అడుగు తెలియకుండా చేస్తుంది, అప్పుడు ఒక మెట్టు పైకి వెళ్లాలి. గుర్రపు డెక్క చాపలా కప్పేసిన చోట ఇవేవీ లోపలికి పోవు, దాన్ని చీల్చుకుని దిగాలంటే 28 గ్రాముల పైన ఉండాలి, దానికి తగ్గ గేలం కర్ర, దారం ఉండాలి. కొత్తవాళ్లు ఆ జోలికి పోకుండా డెక్క అంచుల్లో వేసుకోవడమే మేలు.

కలుపులో వేసేటప్పుడు గుండు దారం మీద జారకూడదు. జారితే గుండు ఒక తామర కాడకి ఇటు, పురుగు అటు ఉండిపోతాయి. రబ్బరు స్టాపర్లు అమ్ముతారు, అవి లేకపోతే చీపురుపుల్ల ముక్క గుండు బెజ్జంలో దోపి విరిచెయ్యండి. ఖాళీ నీళ్లలో మాత్రం గుండుని జారనివ్వాలి, గుండు ముందు దిగిపోతుంది, పురుగు వెనకాల తీరిగ్గా వస్తుంది. టంగ్‌స్టన్ గుండ్లు కొనాలా అని అడుగుతుంటారు. సీసం కంటే టంగ్‌స్టన్ సాంద్రత చాలా ఎక్కువ, అదే బరువు చిన్న సైజులో వస్తుంది, గట్టిగా ఉండటం వల్ల అడుగున రాయి తగిలిందా బురద తగిలిందా చేతికి స్పష్టంగా తెలుస్తుంది. కానీ ధర కూడా ఆ లెక్కలోనే ఉంటుంది, తుంగ దుబ్బుల్లో గుండ్లు పోగొట్టుకోవడం మామూలే కాబట్టి చెరువుకి సీసమే చాలు అనేవాళ్లతో వాదించలేను. తెగిపోతుందనుకున్న చోట మాత్రం వెయ్యకండి. సీసం గుండు మింగిన నీటిపక్షి విషమెక్కి చస్తుంది. తేలినీలాపురానికి వలస వచ్చే కొంగలూ గూడబాతులూ మేతకి దిగేది మన చెరువుల్లో, పొలాల్లోనే.

కొర్రమీను సంగతి వేరుగా చెప్పాలి. ఇది నీళ్ల పైకి వచ్చి గాలి మింగే చేప, కాబట్టి కాసేపు ఓపిగ్గా చూస్తే ఎక్కడుందో అదే చెబుతుంది. కానీ తేలిన చోట నెత్తి మీద వెయ్యకూడదు, బెదిరిపోతుంది. అది వెళ్లే వైపుకి రెండు మూడు మీటర్లు దాటించి వేసి దాని దారిలోకి లాక్కురావాలి. మన పెద్దవాళ్లు బతికున్న చిన్న కప్పని ముల్లుకి గుచ్చి కలుపు మీద ఎగరేసేవారు, ఇప్పటి బోలు రబ్బరు కప్ప చేసేదీ ఆ పనే. లోపల ఖాళీ, వీపుకి ఒత్తుకుని రెండు ముళ్లు, చేప కరిచినప్పుడు ఒళ్లు అణిగి అవి బయటపడతాయి. నీళ్లు పేలినట్టు చప్పుడు కాగానే కర్ర లాగితే కప్ప వచ్చి మీ మొహాన కొడుతుంది. దారం పక్కకి నడవడం మొదలయ్యేదాకా ఆగి, అప్పుడు బలంగా ఎత్తాలి, ఎందుకంటే దాని దవడ ఎముక గట్టిది, సాగే నైలాన్ దారంతో అందులోకి ముల్లు దిగదు. 40 నుంచి 50 పౌన్ల బరువు ఆపే అల్లిక దారం తిన్నగా కట్టుకోండి. కప్పని వెంబడించి కరవకుండా వదిలేస్తుంటే, ఆ వెంటనే అదే చోట గుండు లేని టెక్సస్ రిగ్ పురుగుని వేసి మునగనిస్తే చాలాసార్లు పని అవుతుంది. గట్టు మీద ముసలాయన ‘ఏటి బాబూ, ఈ రబ్బరు ముక్కకి చేప పడతాదేటి’ అని నవ్వినా పట్టించుకోకండి, పడ్డాక మొదట దగ్గరకొచ్చి కప్పని నొక్కి చూసేది ఆయనే.

ఒక్క షరతు. ఎర్రటి పిల్లల గుంపు నీళ్ల పైన ఉడుకుతున్నట్టు కదులుతుంటే దాని కింద తల్లో తండ్రో కాపలా ఉందని అర్థం. ఏది అడ్డం వచ్చినా కొట్టేస్తుంది కాబట్టి పట్టడం చాలా తేలిక. ఆ తేలికైన పని చేసినవాడు ఒక చేపతో ఇంటికెళ్తాడు, కాపలా పోయిన పిల్లల్ని మిగతావన్నీ తినేస్తాయి. నా మటుకు నాకు అది వేట కాదు.

నదీముఖాల్లో కథ మారుతుంది. కళింగపట్నం, నాగావళి కలిసే కల్లేపల్లి వైపు, విజయనగరం జిల్లాలో అయితే చంపావతి కలిసే కోనాడ, ఇక్కడ కలుపు తక్కువ, ప్రవాహం ఎక్కువ. కాబట్టి కొస బయట ఉండే జిగ్ హెడ్, దానికి తెడ్డులాంటి తోక ఉన్న 4 అంగుళాల మెత్తటి చేపపిల్ల. జిగ్ హెడ్ అంటే గుండూ ముల్లూ ఒకటిగా పోతపోసింది. కట్టేముందు పక్కన ఆనించి కొస ఎక్కడ బయటికి రావాలో చూసుకుని, వీపు మధ్య గీత మీదే తీయండి, ఒక పక్కకి పోతే తోక సరిగ్గా కొట్టదు. మెడ దగ్గర ఒక చుక్క ఫెవిక్విక్ వేస్తే ఊరికే జారిపోదు. పోటు పూర్తయి ఆటు మొదలయ్యాక పక్క కాలవల్లోంచి చిన్న చేపలు, రొయ్యలు నీళ్లతో పాటు బయటికి కొట్టుకొస్తాయి, పండుగప్ప ఆ కాలవ నోటి దగ్గర, వంతెన స్తంభాల నీడన, ప్రవాహానికి ఎదురుగా నిలబడి ఉంటుంది. కాబట్టి ప్రవాహం పైనుంచి వేసి, అది కొట్టుకుపోతున్నట్టే దిగేలా, దారం మరీ బిగించకుండా మరీ వదిలెయ్యకుండా పట్టుకోవాలి. ఆటు జోరుగా ఉంటే 14 గ్రాములు, 20 గ్రాములు కూడా కావాల్సి రావచ్చు. పండుగప్ప చెంప పలకల అంచు కత్తిలా ఉంటుంది, అల్లిక దారం చివర లీడర్ అనే 40 పౌన్ల మందపాటి దారం ముక్క మీటరు పొడుగు లేకపోతే తెంపుకుపోతుంది, చేత్తో పట్టుకునేటప్పుడూ ఆ చెంపల దగ్గర జాగ్రత్త. ఈ చేప మగగా పెరిగి, పెద్దదయ్యాక ఆడగా మారుతుంది, అంటే మీకు పడిన మరీ పెద్ద చేప చాలావరకు గుడ్లు పెట్టే ఆడదే. ఫోటో తీసుకుని వదిలెయ్యొచ్చు, ఆలోచించండి.

మిగతా రిగ్గుల్ని నేను పెద్దగా పట్టించుకోను. వ్యాకీ రిగ్ అంటే కర్రలాంటి పురుగు నడుముకి అడ్డంగా ముల్లు గుచ్చడం, పురుగు రెండు చివరలూ ఆడుతూ దిగుతుంది, నిలకడ నీళ్లలో బాగుంటుంది. డ్రాప్ షాట్‌లో గుండు అడుగున, ముల్లు దానికి పైన, అడుక్కి కాస్త ఎత్తున తేలుతూ నిలబడే చేపల కోసం. నెడ్ రిగ్ చిన్న పుట్టగొడుగు తల జిగ్ మీద పొట్టి పురుగు. కరోలైనా రిగ్‌లో గుండు ముందు, పురుగు రెండు నుంచి నాలుగు జానల వెనక. వీటిలో డ్రాప్ షాట్, నెడ్ ముఖ్యంగా తేటనీళ్ల సరస్సుల్లో, రోజూ వందమంది వేస్తుంటే అన్నీ చూసి చూసి విసిగిపోయిన బాస్‌ల కోసం పేరు తెచ్చుకున్నవి. మన బురద నీళ్లలో చేపకి రబ్బరు పురుగు చూసిన అనుభవమే లేదు, దాన్ని మోసం చెయ్యడానికి అంత సన్నపని అక్కర్లేదు.

రంగు గురించి ఇప్పుడు మాట్లాడొచ్చు. నీళ్లు తేటగా ఉంటే ఆ నీళ్లలో ఉండే చిన్న చేప రంగు, వెండి, లేత పచ్చ, గోధుమ. మడ్డిగా ఉంటే నలుపు, ముదురు నీలం, ఊదా, ఎందుకంటే మసక వెలుతురులో కింద నుంచి చూసే చేపకి ముదురు ఆకారమే స్పష్టంగా కనబడుతుంది. ఆగస్టులో ఒడిశా కొండల్లో వానలు పడి వంశధార ఎర్రగా దిగినప్పుడు ఏ రంగూ కనబడదు, చేప ఒంటి పక్కగీతతో నీటి అదురు పసిగట్టి వస్తుంది, అప్పుడు తోక గట్టిగా కొట్టే పెద్ద సైజు వెయ్యాలి, రంగు ఏదైనా ఒకటే. ఇరవై రంగులు చేపల కోసం కాదు, మన పర్సు కోసం.

కొన్నవాటిని వాటి ప్యాకెట్లలోనే ఉంచండి. అన్నీ కలిపి ఒకే డబ్బాలో వేస్తే రంగులు ఒకదానికొకటి అంటుకుంటాయి, కొన్ని ప్లాస్టిక్ డబ్బాల్ని కూడా కరిగిస్తాయి. సాగినా తెగని రకం ఒకటి వస్తుంది, ఎలాజ్‌టెక్ అని, అది పీవీసీ వాటితో కలిస్తే రెండూ కరిగి ముద్దవుతాయి. మే నెల ఎండలో బండి డిక్కీలో వదిలేస్తే తోకలు వంకర తిరుగుతాయి, వేడినీళ్లలో కాసేపు ముంచి తిన్నగా పరిచి ఆరనిస్తే మళ్లీ దారికొస్తాయి. చిరిగినవాటిని చెరువులో పారెయ్యకుండా ఇంటికి తెచ్చుకోండి, ప్లాస్టిక్ అక్కడే ఉండిపోతుంది, చేపలు మింగుతాయి కూడా.

మొదటిసారి కొనేవాళ్లకి నా జాబితా ఇంతే. 3/0, 5/0 వెడల్పు ఆఫ్‌సెట్ ముళ్లు ఒక్కో ప్యాకెట్, 3.5, 5, 7, 10 గ్రాముల తూటా గుండ్లు కొన్ని, 10, 14 గ్రాముల జిగ్ హెడ్‌లు, 4 అంగుళాల తెడ్డు తోకవి వెండి రంగు ఒకటి, నలుపు ఒకటి, 5 అంగుళాల కర్రపురుగు ముదురు రంగుది ఒకటి, బోలు కప్ప ఒకటి. వెళ్లేముందు ఆ చెరువు ఎవరి చేతిలో ఉందో కనుక్కోండి. మా వైపు చాలా చెరువులు మత్స్యకార సొసైటీల లీజులో ఉంటాయి, వాళ్లు డబ్బు పెట్టి పిల్లల్ని వదిలి ఉంటారు, అడక్కుండా మదుము (తూము) దగ్గర నిలబడి గేలం విసిరితే గొడవ ఖాయం. పిల్లల్ని తినేసే కొర్రమీనుని పడతామంటే కొందరు వద్దనరు కూడా, కానీ ఆ మాట ముందు వాళ్ల నోటి నుంచి రావాలి. తాటిపూడి లాంటి తాగునీటి రిజర్వాయర్ అయితే అక్కడి సిబ్బందిని అడిగాకే కర్ర సంచిలోంచి తియ్యండి.